అప్పీలు ఉంది, స్టే లేదు

"ఆ ముసలామెని రోడ్డున పడేసింది మీరే," అన్నాడు కెలెపి, కోర్టు ఆఫీసు కౌంటరు మీద చెయ్యి చరిచి. "అప్పీలు కాగితం తెస్తే ముద్ర కొట్టి వెళ్ళిరమ్మన్నారు. దాంతో తీర్పు ఆగదని ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

గుమాస్తా ఇలైసానే కళ్ళజోడు పైకి తోసుకుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. "మా పని ముద్ర కొట్టడం బాబూ, సలహాలు చెప్పడం కాదు. అయినా మర్యాదకైనా నడుముకి చాప చుట్టుకోకుండా కోర్టుకొచ్చి నాకు బుద్ధులు చెబుతున్నావా? టోంగాలోనే పుట్టావా నువ్వు?"

అతను నడుము వంక చూసుకున్నాడు. పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు. చాప సంగతే మరిచిపోయాడు.

అప్పీలు వేస్తే తీర్పు దానంతటదే ఆగిపోతుందని జనం నమ్ముతారు. ఆగదు. ఆపమని విడిగా అడగాలి. తెలిసినవాళ్ళు ఆ ముక్క చెప్పరు. చదువు లేని ఆ ముసలామె ఫుసి, కేసు ఓడిపోయిన మర్నాడే అప్పీలు వేసేసి, ఇల్లు దక్కిందనుకుని వరండాలో చాపలు అల్లుకుంటోంది.

"రేపు పొద్దున యంత్రం పెట్టి పడగొడతారు," అన్నాడు కెలెపి.

"రేపా? ఆ కబురు ఆమెకే ఇంకా చేరలేదు. నీకెవరు చెప్పారు?"

"తెలిసింది. ఇప్పుడేం కావాలో చెప్పండి."

ఇలైసానే వేళ్ళు మడిచింది. "స్టే ఇమ్మని దరఖాస్తు. దాని వెనక ప్రమాణపత్రం. అప్పీల్లో పస ఉందని చూపాలి. ఇప్పుడు ఆపకపోతే రేపు గెలిచినా ఫలితం ఉండదని చూపాలి."

"ఇల్లే లేకపోయాక గెలిచి ఏం చేసుకుంటుంది?"

"అదే రాయాలి. ఆపడం వల్ల అవతలివాళ్ళకి అంతకంటే పెద్ద నష్టం లేదని కూడా రాయాలి. ఆలస్యమైతే జడ్జిగారు వినరు. ఇప్పటికే మూడు వారాలు పోయాయి. పోయి ఆ కూలగొట్టేవాళ్ళనే బతిమాలుకోకపోయావా?"

"బతిమాలాను. స్థలం హోటలు కట్టేవాళ్ళకి లీజుకెళ్ళిపోయింది. యంత్రం వాళ్ళది. కోర్టు కాగితం తెస్తేనే ఆగుతామన్నారు."

"ఇంతకీ ఆమెకి నువ్వేమవుతావు?"

అతని గొంతు తగ్గింది. "తమ్ముణ్ణి."

ఇలైసానే ముఖం మెత్తబడింది. "తమ్ముడేగా ఆమె మీద కేసు వేసింది? పోనీలే, ఒకడు గడ్డి తిన్నా ఇంకొకడైనా మనిషిగా మిగిలాడు. అక్క ఎదురొస్తే తల దించుకుని పక్కకి తప్పుకునే వాళ్ళం మనం. ఆమెని బోనెక్కించి, భూమి మగాడిది, నువ్వు పో అనిపించాడే, వాడికి ముద్ద ఎలా దిగుతోంది?"

"దిగదు," అన్నాడు కెలెపి కిందకి చూస్తూ. "నిన్న ఆదివారం కదా. ఎప్పట్లాగే కొబ్బరిపాలలో చేమాకు వండి మా పిల్లలకి పంపింది అక్క. ఉప్పు తక్కువైందేమో చూసుకోమని కబురు కూడా పెట్టింది."

గుమాస్తా అటూ ఇటూ చూసి ముందుకి వంగింది. "నేను చెప్పకూడదు గానీ, విను. కేసు గెలిచినవాడే వచ్చి, తీర్పు ఆపండి, నాకు అభ్యంతరం లేదు అని ప్రమాణం చేసి సంతకం పెడితే, జడ్జిగారు ఈ మధ్యాహ్నమే స్టే ఇచ్చేస్తారు. కానీ ఆ ప్రబుద్ధుణ్ణి ఎక్కడని వెతుకుతావు? దొరికినా, ఏ ముఖం పెట్టుకుని వస్తాడు ఇక్కడికి?"

కెలెపి కౌంటరు మీద చరిచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"బైబిలు ఇలా పెట్టండి," అన్నాడు. "కాగితం ఇవ్వండి. అక్కకి కబురుపెట్టి దరఖాస్తు ఆమె చేత వేయించండి. జడ్జిగారు భోజనానికి లేవకముందే ఆ ఫైలు ఆయన ముందుండాలి. ఈసారి ముద్ర కొట్టి ఊరుకోవద్దు."

"నీ సంతకం దేనికయ్యా? ఆ తమ్ముడిది కావాలి."

"ఆమెకి తమ్ముణ్ణి నేనొక్కణ్ణే."