ఎలుకకు లేని ఓపిక

ఐదో రోజు ఉదయం ఆరూ పదికి ఎలుకల మందాయన తన బావమరిది కుడి మోచేతిని ఇనుప కడ్డీతో విరగ్గొట్టాడు.

మెట్ల కింద మీటర్ల గది తలుపు పక్కకు వాలి ఉంది. తాళం వేసినట్టే ఉంది. బందుల మరలు మాత్రం ఊడి ఉన్నాయి. బావమరిది వడ్రంగి. పైవాళ్ళు ఆకాశం నుంచి వీధిలోకి దించిన తిండి పొట్లాలు ఆ గదిలోనే ఉన్నాయి. మందాయన లెక్కపెట్టాడు. మూడు తక్కువ. ఇంకొకటి బావమరిది కాళ్ళ దగ్గర పడి ఉంది.

"మూడు మింగావట్రా?"

"నా నోట్లో పెట్టుకోలేదు బావా. ఒట్టు."

"అయితే అమ్ముకుంటున్నాడు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మూడు అంతస్తుల వాళ్ళూ మెట్ల మీదికి వచ్చేశారు.

"ఎవరికి అమ్మావు?"

బావమరిది మెట్ల మీదున్న అక్క వైపు చూశాడు. ఆమె మందాయన భార్య. చేత్తో నోరు మూసుకుని నిలబడింది.

పై అంతస్తు మాస్టారు అడ్డం వచ్చాడు. "వదిలెయ్యవయ్యా! నక్షత్రాలు దాటి వచ్చినవాళ్ళు. మనల్ని చంపాలనుకుంటే ఒక్క ఊపున ఊదేస్తారు. తిండిలో విషం కలిపే ఖర్మ వాళ్ళకేం పట్టింది?"

"నేనూ ఎలుకల్ని తుపాకీతో కాల్చను మాస్టారూ. ఇల్లు పాడవుతుంది."

మందాయన పదిహేనేళ్ళుగా గోదాముల్లో ఎలుకలకు మందు పెడుతున్నాడు. అందుకే పొట్లాల తాళంచెవి ఆయనకిచ్చారు. అప్పటికే దర్జీ ఒక పొట్లం తినేశాడు. ఇప్పుడతను కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నేను గుండ్రాయిలా ఉన్నాను కదన్నా," అన్నాడు దర్జీ. "ఆకలి రుచి ఎరగదంటారు గానీ, అది నిజంగానే రుచిగా ఉంది."

"నువ్వు గుండ్రాయిలా ఉండబట్టే నా భయం. కొత్త తిండి కనిపిస్తే ఒక ఎలుకే తింటుంది. మిగతావి చూస్తాయి. అది అక్కడే చస్తే ఇంకోటి ముట్టదు. అందుకే మా మందు నాలుగో రోజు గాని పట్టదు. అన్నాళ్ళు ఆగే ఓపిక ఎలుకకి లేదు."

"మరి మనకెంత ఓపిక ఉందని వాళ్ళ లెక్క?" అన్నాడు మాస్టారు.

"తెలీదు. అందుకే పది రోజులు ఎవరూ ముట్టొద్దన్నాను."

"ఎలుకల్లోనూ ఆగేవి ఉంటాయి కదా. వాటినేం చేస్తావు?"

"వాటి జోలికి పోం. ఆగలేనిది ఒకటుంటే చాలు. గూట్లోకి అదే మోస్తుంది."

ఈలోగా బావమరిది ఎడమ చెయ్యి చాచి పొట్లం అందుకున్నాడు. చొక్కాలో దోపుకున్నాడు.

"బావా, ఇదొక్కటి పోనీ. మళ్ళీ రాను."

మందాయన కడ్డీ ఎత్తాడు. "వద్దండీ," అంది భార్య. మొదటి దెబ్బ చెవి పైన తగిలింది. రెండోదీ అక్కడే తగిలింది. మూడో దెబ్బకు రక్తం మాస్టారి చొక్కా మీద చిందింది. ఆరూ నలభైకి బావమరిది ఊపిరి ఆగింది.

మందాయన పొట్లం తీసి, తుడిచి, పెట్టెలో పెట్టాడు.

"ఇంకెవరికైనా ఆకలేస్తోందా?"

ఎవరికీ వెయ్యలేదు.

తర్వాత నాలుగు రోజులూ మనిషికి పూటకో గ్లాసు గంజి. భార్య గంజి పోసేది, మాట్లాడేది కాదు. ఐదేళ్ళ కూతురు పొట్లాలు దిగిన మొదటి రోజు ఆకలని గోల చేసింది గానీ తర్వాత నోరెత్తలేదు. ఓపికలో అంతా తన పోలికే అనుకున్నాడు మందాయన.

తొమ్మిదో రోజు ఉదయం ఎనిమిదింటికి పళ్ళు తోముకుంటుంటే దర్జీ చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. పదింటికి ముక్కు నుంచి మొదలైంది. అడ్డం పెట్టిన తువ్వాలు తడిసి ముద్దయింది.

"అన్నా, విరుగుడేదైనా ఉందా?"

"ఎలుకలకి విరుగుడు ఎవరు తెస్తారు తమ్ముడూ?"

మధ్యాహ్నం రెండింటికి దర్జీ పోయాడు. మాస్టారు వచ్చి మందాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే ఇవాళ ఇరవై ఆరు మందిమీ ఇదే వరసలో ఉండేవాళ్ళం. ఎలుకలకన్నా ఒక మెట్టు పైనే ఉన్నామయ్యా మనం."

"ఒక్క మెట్టే మాస్టారూ. ఇంతకీ ఆ మూడు పొట్లాలు ఎవరు కొన్నారో తేలాలి."

అందర్నీ మెట్ల దగ్గర వరసగా నిలబెట్టాడు. టార్చి వేసి ఒక్కొక్కరి నోరు తెరిపించి చిగుళ్ళు చూశాడు.

"నాకు పళ్ళే లేవు నాయనా," అంది రెండో అంతస్తు ముసలావిడ. "చిగుళ్ళయితే కావలసినన్ని చూసుకో."

తొమ్మిది రోజుల్లో ఆ మెట్ల మీద నవ్వు వినపడటం అదే మొదలు. ఇరవై మూడు నోళ్ళు చూశాడు. ఎక్కడా రక్తం లేదు.

మూడున్నరకు పైకి వెళ్ళాడు. భార్య గోడకు చేరగిలబడి కూర్చుంది. కూతురు ఆమె ఒళ్ళో పడుకుని ఉంది. దిండు మీద ఎర్ర మరక ఉంది.

"నాన్నా, నా పన్ను ఊడింది."

"ఏదమ్మా, చూపించు."

"కనపడట్లేదు. మింగేశానేమో."

భార్య తల ఎత్తలేదు. మందాయన టార్చి వేశాడు. ఒక్కొక్క పన్నూ వేలితో కదిపి చూశాడు. పైన పది. కింద పది. అన్నీ ఉన్నాయి.