ఖాళీ కడుపు

ఆపరేషన్ గదికి తీసుకెళ్లడానికి వచ్చిన సిస్టర్ షైజకి, అయిదేళ్ల మిన్హా మూతి చుట్టూ నూనె, కొబ్బరి తురుము కనిపించాయి.

"దీనికి ఉన్నకాయ ఎవరు పెట్టారు?"

తల్లి సఫీన తెల్లమొహం వేసింది. "నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు సిస్టర్."

మంచం కింద అమ్మమ్మ డబ్బా మూత తెరిచి ఉంది. లోపల, అరటిపండు ముద్దలో కొబ్బరి కూరి నూనెలో వేయించిన ఉన్నకాయల్లో ఒకటి నలిగి ఉంది.

"ఆపరేషన్ అయ్యాక మీ అందరికీ పంచుదామని తెచ్చాను తల్లీ. దీనికి పెట్టడానికి నాకేమైనా పిచ్చా?" అంది ముసలావిడ.

"డబ్బా మీది, మనవరాలు మీది. మధ్యలో పెట్టింది మాత్రం గాలా? పిల్ల మొహం వాడిపోతే చూడలేనని నిన్న అన్నది ఎవరు?" అని షైజ నిలదీసింది.

"అన్నాను. అన్నంత మాత్రాన పెట్టేస్తానా?"

షైజకి ఏడుపొక్కటే తక్కువ. మూడు రోజులుగా డ్యూటీ అయ్యాక కూడా బొమ్మను ముందేసుకుని ఈ పిల్ల దగ్గరే కూర్చుంది. బొమ్మ ముక్కుకి మాస్కు, చేతికి సూది, అన్నీ మిన్హా చేతే పెట్టించింది. కడుపులో ఏమైనా ఉంటే మత్తుమందు ఇవ్వరని, డాక్టరు ఇంటికి పంపేస్తాడని చెబితే, పిల్ల ఆ పాఠాన్ని పక్క మంచాల వాళ్లకి కూడా అప్పజెప్పింది. ఇంత కష్టమూ ఉన్నకాయ పాలైంది.

జ్వరం వల్ల ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. టాన్సిల్స్ వాచి, పిల్ల నిద్రలో ఊపిరాడక లేచి కూర్చుంటోంది.

మత్తు డాక్టరు వినయన్ వచ్చి చూశాడు. "ఏం తిన్నావమ్మా?"

మిన్హా డబ్బా వైపు వేలు చూపించింది.

"ఇవాళ కుదరదు. మళ్లీ తేదీ దొరికేది రెండు నెలల తర్వాతే," అని ఆయన వెళ్లిపోయాడు.

"ముద్దు చేసి చేసి నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చావు కదే ఉమ్మా," అని తల్లిని తిట్టి సఫీన ముసుగుతో కళ్లు ఒత్తుకుంది.

"అల్లా మీద ఒట్టు, నేను పెట్టలేదే," అంది ముసలావిడ.

"ఇంకేం, సామాను సర్దుకోండి," అంది షైజ విసురుగా.

మిన్హా మంచం దిగి చెప్పులు వేసుకుంది. "ఇంటికేనా?"

"ఇంటికే."

"సూది లేదా?"

"లేదమ్మా తల్లీ, లేదు."

"అయితే నాకు రొట్టె పెట్టండి. ఆకలికి కడుపు మండిపోతోంది."

"ఇప్పుడేగా ఉన్నకాయ మింగావు?"

"మింగలేదు సిస్టర్, మూతికి రాసుకున్నానంతే."