చిల్లు లేని బిందె

ఒక పెరట్లో ముసలి కప్ప ఒకతి ఉండేది. మల్లెమొక్క మట్టికుండీ వదిలి నగిషీల ఇత్తడి బిందెలోకి కాపురం మార్చిన రోజున, ఏదో ముఖ్యమైన మాట చెప్పాలని గబగబా వచ్చి, తీరా దగ్గరికొచ్చేసరికి మరిచిపోయింది.

"నా సొగసు చూసి నోట మాట రావట్లేదా, కప్పత్తా?" మల్లె నవ్వింది. "ఆ పాత కుండీకి అడుగున చిల్లు. నీళ్లన్నీ కారిపోయేవి. ఇందులోంచి చుక్క పోదు!"

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు పలకరిద్దామని బిందెలోకి గెంతిన కప్ప మెడదాకా నీళ్లలో మునిగి అదిరిపడింది. మల్లె ఆకులు పండిపోయి వేలాడుతున్నాయి. కుళ్లువాసన గుప్పుమంది.

"చిల్లు! అయ్యో, నేను చెప్పాలనుకున్నది చిల్లు గురించే!"

"ఇప్పుడా గుర్తొచ్చింది?" అంది మల్లె నీరసంగా. "నీళ్లలో నాని నా వేళ్లన్నీ కుళ్లిపోయాయి, ఇక బయటికి రాలేనత్తా. చామంతి కూడా పింగాణీ కూజాలోకి మారాలని మూట కడుతోంది. దానికైనా చెప్పు."

ఈసారి మరిచిపోకూడదని కప్ప గెంతుగెంతుకీ "చిల్లు, చిల్లు" అనుకుంటూ పెరడంతా దాటింది. చామంతిని చేరేసరికి ఆ ఒక్క మాటే మిగిలింది; మల్లె బిందె వైపు చూపిస్తూ అదే అంది.

చామంతి, కూజా అడుగు తడిమి చూసుకుని, చిల్లు తగలకపోయేసరికి మూట విప్పేసింది.