కాపురం ఉంటున్నవారు

పదకొండింటికి టూరిజం ఆఫీసు నుంచి తనిఖీకి వస్తారు. తొమ్మిదిన్నరకే దేవీప్రసాద్ అనకాపల్లి నుంచి బండి మీద రాజయ్యపేట చేరుకున్నాడు.

"ఇవాళ పనేం చెయ్యకు," అన్నాడు అప్పలనర్సమ్మతో. "చీపురు కనపడకుండా పెట్టు. ఇదిగో, ఈ కొత్త చీర కట్టుకో."

సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ మూడు గదుల ఇంటిని అతను రెండేళ్లుగా శని, ఆదివారాలు అద్దెకిస్తున్నాడు. బుకింగులన్నీ ఫోన్లోనే. విశాఖ నుంచి కార్లలో వస్తారు. వెనక రేకుల షెడ్డులో ఉంటూ గదులు ఊడ్చేది, దుప్పట్లు ఉతికేది, చేపల పులుసు వండేది అప్పలనర్సమ్మ. 'పనిమనిషి చేతి వంట అదిరింది' అని గెస్టులు రివ్యూలు రాస్తారు. వాటి కింద అతను దండం బొమ్మ పెడతాడు.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ తప్పదని నోటీసు వచ్చింది. యజమానో, అతని కుటుంబంలో ఒకరో అదే ఇంట్లో కాపురం ఉంటేనే హోంస్టే. లేకపోతే లాడ్జి కింద లెక్క. కమర్షియల్ పన్ను, ఫైర్ సర్టిఫికెట్, ఇంకా సవాలక్ష. దేవీప్రసాద్ కాపురమేమో అనకాపల్లిలో, తన నెట్‌సెంటర్ పై వాటాలో. అప్లికేషన్లో 'కాపురం ఉంటున్నవారు' అన్నచోట చాలాసేపు ఆగాడు. చివరికి 'మేనత్త' అని టైపు చేశాడు.

"మేడమ్ అడిగితే నువ్వు నా మేనత్తవని చెప్పాలి," అన్నాడు ఆమె ముఖం చూడకుండా. "ఇక్కడే ఉంటున్నానని చెప్పాలి. అంతే."

అప్పలనర్సమ్మ చీర మడత వంక చూస్తూ నిలబడింది.

"సెప్పీమంటావా బాబూ?"

"చెప్పు. ఈ ఒక్క పూటకే. ఇంకోటి, వాళ్ల ముందు బాబూ అనకు. ఒరే ప్రసాదూ అను."

ఆమె పెదాలు కదిలాయి. 

"నోరు తిరగట్లేదు బాబూ," అంది.

దేవీప్రసాద్ వెనక షెడ్డు వైపు నడిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఒకరిని పల్లెత్తు మాట అనగా ఎవరూ వినలేదు. ఆ మనిషిని తెచ్చి, నాలుగు పన్నులు తప్పించుకోవడం కోసం అధికారి ముందు నిలబెడుతున్నాడు.

షెడ్డులోంచి ఆమె మంచం మోసుకొచ్చి ముందుగదిలో వేశాడు. ఆమె చీరలు రెండు దండెం మీద ఆరేశాడు. ఆమె ట్రంకుపెట్టె అడుగున ఉన్న భర్త ఫొటో తీసి గోడకు తగిలించాడు. కొత్తగా మేకు కొట్టే పని పడలేదు.

అధికారి పేరు శ్రీదేవి. చిన్న వయసే కానీ నిదానం మనిషి. గెస్టుల రిజిస్టరు, ఆధార్ కాపీలు, గుమ్మం మీది కెమెరా, ఇసుక బకెట్లు ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టుకుంది. తర్వాత వచ్చి మంచం మీద అప్పలనర్సమ్మ పక్కన కూర్చుంది.

"ఈయన మీకేమవుతారమ్మా?"

"మేనల్లుడమ్మా. మా తమ్ముడి కొడుకు."

"ఎన్నాళ్లుగా ఉంటున్నారిక్కడ?"

"మనువాడి వచ్చిన కాడినుంచీ. మా ఆయన సేపల యేటకెల్లి సంపాదించి కట్టేడు ఈ ఇల్లు. తుపానుకి ఆ పక్క గోడ పడిపోతే నానే మట్టి మోసి మల్లీ లేపించేను."

దేవీప్రసాద్ గుమ్మం పట్టుకున్నాడు. ఇవేవీ అతను చెప్పమన్నవి కావు.

"పిల్లలు?"

"కడుపు పండలేదమ్మా. ఈడికి మూడో ఏట తల్లి పోనాది. ఎత్తుకొచ్చి నానే పెంచేను. రొయ్యల గంప నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగేను. అనకాపల్లి కాలేజీలో సదివించేను. ఏరా పెసాదూ?"

అతను తల ఊపాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇక చాలు, ఆపు అని మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాడు.

శ్రీదేవి ఫైల్లోని దస్తావేజు నకలు తిరగేసింది. పెన్ను ఆగింది.

"ఉన్న ఒక్క ఇల్లూ మేనల్లుడికి రాసిచ్చేశారు. ఇష్టపడే ఇచ్చారా అమ్మా? కావాలంటే ఆయన్ని బయట నిలబడమంటాను."

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. దీనికి జవాబు చెప్పి ఉంచలేదు.

అప్పలనర్సమ్మ తలెత్తి అతని వంక ఒక్కసారి చూసింది.

"బయటికెందుకమ్మా? ఈడు నాకు పరాయోడేటి? ఇట్టపడే రాసిచ్చేను."

శ్రీదేవి నవ్వి సంతకం పెట్టింది. "ఇలాంటి పెద్దవాళ్లు ఇంట్లో ఉండాలనే ఈ రూలు," అంది దేవీప్రసాద్‌తో. "వారంలో సర్టిఫికెట్ వస్తుంది. ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకోండి."

జీపు వెళ్లిపోయింది.

అప్పలనర్సమ్మ లేచి మంచం మీది దుప్పటి మడిచింది. దండెం మీది చీరలు తీసుకుంది.

"రేపు గెస్టులొత్తారు కదా బాబూ. ఈ గది తుడిసీనా?"

మళ్లీ బాబూ. దేవీప్రసాద్ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

"ఏటైనా తప్పు సెప్పేనా?" అంది ఆమె కంగారుగా.

ఆమె చెప్పిన మాటలన్నింటిలో అబద్ధం ఒక్కటే, పింఛను కాగితమని నమ్మించి వేలిముద్ర వేయించుకున్న ఆ మేనల్లుడికి ఇల్లు ఇష్టపడి రాసిచ్చానన్నది.