నిగనిగలాడే గోడ

"గోడ మీద ఉలి పెట్టావంటే మర్యాద దక్కదు!" అంటూ లైబ్రేరియన్ మేస్త్రికి అడ్డం నిలబడింది.

"తప్పుకోండమ్మా. గోడ ఉబ్బింది. ఇది కూలితే మీ లైబ్రరీకి తాళమే."

"నూరేళ్ల సున్నం గోడ ఇది! ఉబ్బింది గోడ కాదు, నీ బుర్ర."

అతను వినలేదు. ఒక్క దెబ్బకు నిగనిగలాడే ఆయిల్ పెయింట్ పెచ్చుగా ఊడిపడింది. లోపల ఇటుకల మీద నీళ్లు కారుతున్నాయి.

"చూశారా? సున్నం గోడలో చెమ్మ ఎప్పటికప్పుడు బయటికి ఆరిపోవాలి. ఎవడో తెలివితక్కువవాడు ఆయిల్ పెయింట్ పూసి దీనికి ఊపిరాడకుండా చేశాడు. వాడి చేతులు విరగ్గొట్టాలి!"

ఆమె తడి ఇటుక మీద అరచెయ్యి ఆనించింది.

"వాడు కాదు, నేను. గోడ వెలిసిపోతుంటే చూడలేక, మూడు సెలవురోజులు నిచ్చెనెక్కి నా చేత్తోనే వేశాను."

"ఈ ఒక్క గోడకేనా?"

"నాలుగింటికీ."