ఎవరి తరఫు మావయ్య

నిన్న వేసిన రాయిని ఆయన మళ్ళీ పీకేశాడు.

వంటింటి కిటికీలోంచి చూసిన కొత్తకోడలికి ఒళ్ళు మండింది. రాయి వెనక్కి వచ్చిందంటే తన ప్రయాణమూ వెనక్కి జరిగినట్టే.

పెళ్లవగానే మొగుడితో కొండల మీదికి వెళ్ళాలని ఆమె ఆశ. కింద సరస్సు, పైన మంచు, మధ్యలో ఓ చెక్క గది. ఫోన్‌లో ఆ గది ఫోటో చూసి చూసి, కర్టెన్ల మీది పూలు కూడా ఆమెకు కంఠతా వచ్చేశాయి.

ఇంతలో అత్తగారు పెరటి బురదలో జారిపడింది. ఎముక విరగలేదు, మడమ బెణికింది. దాంతో మొగుడు పట్టుపట్టాడు. వంటింటి గుమ్మం నుంచి కుళాయి దాకా, మొక్కల మధ్యగా, పదికాలాలు నిలిచే రాతిబాట పడేదాకా, నాన్న పోయాక ఒంటరైన అమ్మను వదిలి కదలనన్నాడు.

అన్నవాడు పలుగు ముట్టుకున్నాడా? లేదు. మన కొడుకులకు తల్లి మీది ప్రేమ సగం నోట్లోనే ఉంటుంది.

పని నెత్తికెత్తుకున్నది మావయ్యగారు.

ఆయన పెళ్లికొచ్చిన చుట్టం. అందరూ వెళ్ళిపోయారు, ఆయన మిగిలిపోయాడు. వీధి గదిలో పడుకుంటాడు. పెట్టింది తింటాడు. తిన్న కంచం తనే కడుక్కుంటాడు. పొద్దున్నే పంట్లాం మడిచి పెరట్లోకి దిగుతాడు.

చేయి తిరిగిన పనివాడా అంటే అదీ కాదు. గుంట తవ్వి, కంకర కూరి, ఇసుక పరిచి, పైన రాయి పెడతాడు. ఎక్కి నిలబడతాడు. ఊగుతుంది. పీకుతాడు. మళ్ళీ మొదలు.

పైగా బాట వెడల్పొకటి. ఒక మనిషి నడిచే దారికి ఇంత వెడల్పెందుకని కోడలు ఓసారి అడిగింది. పక్కన ఇంకొకరు నడవొద్దా అని నవ్వి, ఆయన ఇంకో రాయి దొర్లించుకున్నాడు.

మధ్యాహ్నం పూట అత్తగారే కుంటుకుంటూ టీ తీసుకెళ్ళి ఇచ్చేది. గుమ్మంలో కూర్చుని ఇద్దరూ ఏవేవో చెప్పుకుని నవ్వుకునేవారు. తోడబుట్టినవాళ్ళ ముచ్చట్లు తెమలవు కదా అని కోడలు తిట్టుకునేది. వియ్యాలవారికి అమ్మ ఎంత మర్యాద చేస్తోందో అని కొడుకు మురిసిపోయేవాడు.

సెలవులు కరిగిపోతున్నాయి. ఆ చెక్క గదిని ఈ రాత్రి దాటితే ఇంకెవరో ఎగరేసుకుపోయేలా ఉన్నారు.

కొడుకు తల్లిని మడమ చూపించడానికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇంట్లో కోడలూ, పెరట్లో ఆయనా మిగిలారు. ఆమె కొంగు దోపుకుని పెరట్లోకి వచ్చింది.

"మావయ్యగారూ, ఒకమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరా?"

"లేరమ్మా."

"అందుకేనా, ఇక్కడ ఇంత తీరిగ్గా ఉన్నారు?"

ఆయన చేతిలోని రాయిని మెల్లగా కింద పెట్టాడు.

ఆమె ఆగలేదు. సిమెంటు పనివాళ్ళయితే ఒక్కపూటలో పోసి పోతారంది. చుట్టం చుట్టంలా ఉంటేనే అందమంది. కొత్తగా పెళ్లయిన వాళ్ళింట్లో మూడో మనిషికి ఆమాత్రం తెలియాలంది.

ఆయన కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సంచి సర్దుకున్నాడు.

"చివరి రాళ్ళు ఇంకా సరిగా కూర్చోలేదమ్మా. మీ అత్తగారిని అటు నడవనివ్వకు" అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కోడలు గుండెల నిండా గాలి పీల్చుకుని గది బుక్ చేసేసింది.

సాయంత్రం తల్లీ కొడుకులు వచ్చారు. అత్తగారు నేరుగా పెరట్లోకి వెళ్ళింది. కొడుకు ఇల్లంతా కలయజూశాడు.

"మీ మావయ్యగారేరి?"

"నా మావయ్యేంటి, మీ మావయ్యే. పంపించేశాను."

"మా అమ్మకి అన్నదమ్ములే లేరే. నీ తరఫు అనుకునే కదా, నేను మావయ్యగారూ అని పిలిచింది."

"మీరు పిలుస్తుంటే విని నేనూ పిలిచాను."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పెళ్ళాం తరఫు పెద్దాయన మొగుడికి మావయ్యే. మొగుడి తరఫు పెద్దాయన పెళ్ళానికీ మావయ్యే. వరస కుదిరితే చాలు మనకి, మనిషెవరో అక్కర్లేదు.

కొడుక్కి నవ్వొచ్చింది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇన్నాళ్ళు మేపామన్నాడు. కోడలు నవ్వలేదు. వీధి గదిలోకి పరిగెత్తి ఏం పోయాయో వెతికింది. ఏమీ పోలేదు. దుప్పటి మడత పెట్టి ఉంది.

ఆమె పెరట్లోకి వచ్చింది. అత్తగారు బాట మీద నిలబడి ఉంది. ఆమె కాళ్ళ కింద ఒక్క రాయీ కదలడం లేదు.

"అత్తయ్యా, ఆయన మన చుట్టం కాదట. ఎవరో మీకైనా తెలుసా?"

అత్తగారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఆస్పత్రిలో ఉండగా ఫోన్ చేశాడమ్మా. ఈ వయసులో పిల్లలకి బరువు కాలేనన్నాడు. ఇక రాడు. ఒకసారి అనుకున్నాడంటే వినే మనిషి కాదు."

కొడుకు కూడా గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు.

"మరి ఆయనెవరో మాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరని మీ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు కదరా. మీ ప్రయాణానికి ముందు మా సంగతెందుకని నేనూ ఊరుకున్నాను."

ఆమె కుళాయి వైపు తిరిగి, ఎవరితోనో మామూలు మాట చెబుతున్నట్టు అంది.

"మీరు తిరిగొచ్చాక, మా పెళ్లికి మీరిద్దరే పెద్దలుగా నిలబడాలని అడుగుదామనుకున్నాం."