ఎలుగును పట్టేదెవరు?

వాగొడ్డు జంతువులకూ కొండమీది జంతువులకూ తెల్లారితే చెడుగుడు పోటీ. గెలిచిన జట్టుకే ఎండాకాలమంతా మడుగు నీళ్లని పందెం.

ముందురోజు సాయంత్రం వాగొడ్డు నాయకుడు ముంగిస తనవాళ్లను ఇసుకలో కూర్చోబెట్టి, ఎవరు ఎవరిని పట్టాలో చెప్పింది.

"అడవిపంది మామా, దుప్పిని నువ్వు చూసుకో. కోతి ఎగిరి దాటే రకం, ఉడుమన్న నేలకంటుకుని దాని కాలు పట్టేస్తాడు. కుందేలు నా వంతు. నాయకుణ్ణి కదా, అన్నివైపులా ఓ కన్నేసి ఉంచాలి."

అందరూ భేషన్నారు. కౌజుపిట్ట మాత్రం, "మరి ఎలుగుబంటిని ఎవరు పడతారు?" అంది.

ఆ పేరు తన వంతుకు రాకూడదనే ముంగిస పొద్దుటినుంచీ ఇంత ఆలోచన చేసింది. మిగతావాళ్లంతా తలలు దించుకోవడం చూశాక దానికి సిగ్గేసింది.

"కుందేల్ని నువ్వు ఆపు పిట్టమ్మా," అంది చివరికి. "ఎలుగును నేను పడతా."

మర్నాడు రెండు జట్లూ సమానంగా ఉండగా, ఆఖరి కూతకు ఎలుగే వచ్చింది. ముంగిస కళ్లు గట్టిగా మూసుకుని దాని కాలికి చుట్టుకుంది. ఎలుగు విదిలిస్తే గాల్లోకి లేచింది గానీ పట్టు వదల్లేదు. అది చూసి, తన వంతు కాకపోయినా అడవిపంది ఎలుగు నడుం పట్టింది. ఉడుము రెండో కాలు పట్టింది. కౌజుపిట్ట ఎగిరి ముక్కుమీద వాలింది. కూత తెగింది, వాగొడ్డు గెలిచింది.

"నలుగురూ నామీదికే వస్తారని మావాళ్లెవరూ చెప్పలేదే!" అని గొణిగింది ఎలుగు.

"నాక్కూడా ఎవరూ చెప్పలేదు," అంది ముంగిస, రొప్పుతూ.